వేపకొమ్మ నుంచి మాస్కు దాకా

మన పల్లెల్లో, తండాల్లో 'కట్టు' అనే మాటకున్న బరువు 'చట్టం' అనే మాటకు లేదు. చట్టం పట్నంలో పుట్టి కాగితం మీద మన దాకా వస్తుంది. దాని వెనకాలే జరిమానా వస్తుంది. కట్టు ఊళ్ళోనే పుడుతుంది, దానికి కాగితం అక్కరలేదు. "కట్టు తప్పిండు" అన్న ఒక్క మాట పడితే మనిషికి నలుగురిలో తలెత్తుకోవడం కష్టం. కట్టు నిలబడటానికి కారణం భయం ఒక్కటే కాదు. పక్కింటివాడు కూడా దాన్ని పాటిస్తున్నాడని రోజూ కళ్ళతో చూస్తాం. అందుకే మనమూ పాటిస్తాం.

కరోనా కాలంలో గిరిజనుల గురించి పత్రికల్లో, ఆఫీసు నివేదికల్లో ఎక్కువగా కనిపించిన మాట 'అవగాహన లేదు' అన్నది. మాస్కు పెట్టుకోకపోయినా అవగాహన లేదన్నారు, టీకాకు వెనకాడినా అవగాహన లేదన్నారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. రోగం అంటుకుంటుందని, రోగి ఇంటికి దూరంగా ఉండాలని మన పెద్దలకు సర్కారు చెప్పకముందే తెలుసు. కొరవడింది అవగాహన కాదు, నమ్మకం. ఆ నమ్మకం ఎందుకు కొరవడిందో తెలుసుకోవాలంటే 2020 నుంచి మొదలుపెడితే సరిపోదు. కొల్లాపూర్ చుట్టుపక్కల, నల్లమల అంచున, పాలమూరు, నల్గొండ తండాల్లో జరిగిన పాత సంగతుల్లోకి వెళ్ళాలి.

కలరాను మన దగ్గర గత్తర అంటారు. ఇప్పటికీ ఊళ్ళో గడబిడైతే 'గత్తరగత్తర అయింది' అంటాం. అంటే ఆ రోగం పోయినా అది తెచ్చిన కలవరం భాషలో మిగిలిపోయింది. గత్తర వచ్చినప్పుడు ఊరి పొలిమేరకు కట్టు వేసేవారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు బయటికి పోకూడదు. తలారి చాటింపు వేసేవాడు. మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అనేవారు. ఆ ఇంటి గడపకు వేపకొమ్మ కట్టేవారు. ఆ ఇంట్లో పోపు పెట్టరు, ఆ ఇంటికి చుట్టాలు రారు, ఆ ఇంటివాళ్ళు శుభకార్యాలకు పోరు. రోగికి వేపాకు పరుపు, వేపాకు విసనకర్ర. తగ్గిన తర్వాత వేపాకు నీళ్ళతో తలస్నానం. అప్పటిదాకా ఆ ఇల్లు వేరు.

దీన్ని మూఢనమ్మకం అని పక్కన పెట్టేవాళ్ళు ఒక సంగతి గమనించరు. 2020లో 'హోం క్వారంటైన్' పేరుతో సర్కారు ఇళ్ళ తలుపులకు అంటించిన కాగితానికీ, పాత వేపకొమ్మకూ పని ఒక్కటే. వేపకొమ్మను ఇంటివాళ్ళే కట్టుకునేవారు. కాగితాన్ని ఎవరో వచ్చి అంటించి పోయారు. వేపకొమ్మ ఉన్న ఇంట్లో అమ్మవారు ఉంది కాబట్టి ఆ ఇంటి మీద గౌరవం ఉండేది. కాగితం అంటించిన ఇంటిని జనం దొంగ ఇంటిలా చూశారు. ఒకే పని రెండు విధాలుగా జరిగితే దాని ఫలితమూ రెండు విధాలుగానే ఉంటుంది.

లంబాడీ తండాల్లో సీత్లా పండుగ ఆషాఢంలో వస్తుంది. నాయక్ రోజు నిర్ణయిస్తాడు. తండా పొలిమేరలో చెట్టు కింద ఏడు రాళ్ళను ఏడుగురు భవానీలుగా నిలిపి, నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్ళు, బెల్లపు పాయసం పెడతారు. మేకను, కోడిని కోసి, పశువులను ఆ బలి మీదుగా దాటిస్తారు. పిల్లలకూ పశువులకూ రోగాలు రాకుండా చూడమని మొక్కు. సీత్లా అంటే మశూచి తల్లి, ఉత్తరాన శీతలాదేవి. మశూచి భూమ్మీద నుంచి పోయి నలభై ఏళ్ళు దాటింది, పండుగ మాత్రం పోలేదు. తండా అంతా ఒకే రోజు ఒకే చోట నిలబడటం అందులో ముఖ్యం. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది అందరికీ తెలుస్తుంది. రోగం ఒక ఇంటి సమస్య కాదు, అందరి సమస్య అని ఏడాదికోసారి తండా తనకు తాను చెప్పుకుంటుంది.

చెంచుల సంగతి వేరు. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య గడిపిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో వాళ్ళ గురించి పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. పెంటలో పెద్దమనిషి ఉన్నా అతని చేతిలో బలవంతపు అధికారం ఏమీ లేదని, కుటుంబాలు తమ ఇష్టం కొద్దీ ఒక పెంట నుంచి మరో పెంటకు, బంధువులున్న చోటుకు వెళ్ళిపోతాయని అందులో కనిపిస్తుంది. నాలుగైదు గుడిసెల పెంటలో గుంపు కట్టు కన్నా బంధుత్వం పెద్దది. తేనె తీసేటప్పుడు కొండ చరియ మీద నుంచి తాడు పట్టుకుని దిగే మనిషికి పైన తాడు పట్టేది బావమరిది అని చెంచులు చెబుతారు. తన చెల్లెలి తాళి ఆ తాడుకే వేలాడుతోంది కాబట్టి అతను వదలడు. నమ్మకం అంటే చెంచు లెక్క ఇది. నాకు ఏమైనా అయితే నీకూ నష్టం ఉండాలి, అప్పుడే నీ చేతికి తాడు ఇస్తాను. ఈ లెక్కను గుర్తుపెట్టుకుంటే 2021లో టీకాల దగ్గర జరిగింది అర్థమవుతుంది.

ఇక సర్కారు మాట సంగతి. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. 1897లో బ్రిటిష్ వాళ్ళు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. పుణెలో సైనికులు ఇళ్ళలోకి చొరబడి వెతికారు, సామాను తగలబెట్టారు, మనుషులను ఈడ్చుకుపోయి శిబిరాల్లో పెట్టారు. ఆ ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. రోగాన్ని ఆపడానికి వచ్చినవాడు రోగం కన్నా పెద్ద భయంగా కనిపించిన కాలం అది. అదే 1897 చట్టాన్ని 123 ఏళ్ళ తర్వాత 2020లో మళ్ళీ బయటికి తీశారు. హైదరాబాదు సంస్థానానికీ ప్లేగు వచ్చింది, 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆ ఒక్క జ్వరానికే దేశం మొత్తం మీద కోటికి పైగా మనుషులు పోయారు. హైదరాబాదులో అంటురోగాల ఆసుపత్రిని జనం 'కోరంటి దవాఖాన' అన్నారు. క్వారంటైన్ అన్న మాట మన నోట్లో పడి కోరంటి అయింది. నల్లకుంటలో ఆ దవాఖాన ఇప్పటికీ ఉంది. అంటే 2020లో కొత్తగా నేర్చుకున్నామనుకున్న మాట మన ముత్తాతలకు తెలిసిందే.

మశూచి టీకాలకు కూడా మొదట్లో ఎదురు తిరిగిన ఊళ్ళు దేశమంతటా ఉన్నాయి. టీకాలవాళ్ళు వస్తున్నారంటే తల్లులు పిల్లలను దాచేవారు. అమ్మవారికి కోపం వస్తుందనే భయం ఒకటి, చేయి వాచి పుండు పడుతుందనే భయం ఇంకొకటి. రెండో భయం నిజమే, చేయి వాచేది. అయినా చివరికి మశూచి పోయింది. మన దేశంలో ఆఖరి కేసు 1975 మే నెలలో నమోదైంది. 1980లో ప్రపంచమంతా దాని పీడ పోయిందని ప్రకటించారు. ఆ పనిలో సూదికి తోడు ఇంకొకటి సాయపడిందని నా అభిప్రాయం, అది మచ్చ. టీకా వేయించుకున్న ప్రతి చేతి మీదా రూపాయి బిళ్ళంత మచ్చ ఉండేది. పొలంలో, బావి దగ్గర, సంతలో చేతులు కనబడతాయి. పక్కవాడు వేయించుకున్నాడా లేదా అని అడగనక్కర లేదు. వేయించుకుని కూడా వాడు బతికే ఉన్నాడు, నాగలి పట్టి దున్నుతున్నాడు. పచ్చబొట్టు చూసి మనిషిని గుర్తుపట్టే మన ఇళ్ళలో చేతి మీద మచ్చ కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? కరోనా టీకా ఏ మచ్చా మిగల్చలేదు. దాని సాక్ష్యం ఫోనులో వచ్చే సందేశం. సిగ్నలే అందని పెంటల్లో ఆ సందేశాన్ని ఎవరు చూస్తారు?

ఈ మశూచి విజయం నడుస్తున్న రోజుల్లోనే ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఉద్యోగులకు టార్గెట్లు పెట్టారు. దొరికినవాళ్ళు ఎక్కువమంది పేదలే. "సూది వేస్తే పిల్లలు పుట్టరు" అనే పుకారు 2021లో ఎక్కడి నుంచి పుట్టిందని ఆశ్చర్యపోయినవాళ్ళు ఆ ఏడాది లెక్క చూసుకోవాలి. పుకారు అబద్ధమే, కానీ దాని వేరు నిజంలో ఉంది.

కొల్లాపూర్ ప్రాంతానికి ప్రత్యేకమైన గాయం ఇంకొకటి ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కింద పాలమూరు, కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు మునిగాయి. 1981లో వానల ముందు ఇళ్ళు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి, అలంపురం తీసుకెళ్ళి మళ్ళీ కట్టారు. దేవుడి ఇంటికి దక్కిన మర్యాద మనిషి ఇంటికి దక్కలేదు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని 1986లో 98 జీవో వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం ఎదురు చూస్తూ ఒక తరం ముసలిదైపోయింది. కొల్లాపూర్‌లో 'తొంభై ఎనిమిది జీవో' అంటే చిన్న పిల్లలకు కూడా తెలుసు. సర్కారు కాగితం మీద రాసిన మాటకు విలువ ఎంత అని అడిగితే ఇక్కడివాళ్ళు చెప్పే ఉదాహరణ అదే.

అడవి లోపలికి వెళితే 2019 గుర్తుకొస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి ఆ ఏడాది కేంద్ర కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పెంటలు, గ్రామాలు లేచాయి. కొత్త మనిషి కనిపిస్తే నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడ్డగించారు. సెప్టెంబరులో అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ తర్వాత సరిగ్గా ఆరు నెలలకు కరోనా వచ్చింది. అంటే బయటి నుంచి వచ్చే జీపును అనుమానించాలి అని చెంచు పెంట కొత్తగా నేర్చుకున్న సమయంలోనే, వైద్య సిబ్బంది జీపు వచ్చి ఆగింది. ఈ రెండు సంగతులనూ కలిపి చూసిన నివేదిక నా కంట పడలేదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. తెలంగాణ పల్లెలు చేసిన మొదటి పని ఏమిటో గుర్తుందా? ఊరి దారులకు అడ్డంగా ముళ్ళకంప వేశాయి. ఏ కలెక్టరూ చెప్పలేదు. అది పాత పొలిమేర కట్టే. తండాల్లో ఆ పని ఇంకా సులువుగా జరిగింది, దారి ఒకటే కాబట్టి. అంతకు ఏడాది ముందే, 2019 జనవరి ఎన్నికలతో, ఎన్నో తండాలు కొత్త గ్రామ పంచాయతీలయ్యాయి. నాయక్, కార్‌భారీ పక్కన సర్పంచ్ వచ్చి కూర్చున్నాడు. ముళ్ళకంప వేయడంలో ఇద్దరి మాటా ఒకటైంది. ఆ కొన్ని వారాలు కట్టు బాగా నిలబడింది. తువ్వాల మూతికి చుట్టుకున్న మగవాళ్ళు, టుక్రి కొంగు అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళు మాస్కు కోసం ఎదురు చూడలేదు. ఆ ఏడు చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 8న వచ్చింది. నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతర జరగలేదు. లింగమయ్యకు తరతరాలుగా పూజ చేసే చెంచులు దానికి అడ్డు చెప్పలేదు.

అయితే ముళ్ళకంపకు ఇంకో ముఖం కూడా ఉంది, దాన్ని దాచుకోకూడదు. పాలమూరు నుంచి ముంబయి, పుణె, హైదరాబాదులకు కూలికి పోయినవాళ్ళలో తండాలవాళ్ళు చాలామంది. పనులు ఆగి, తిండి కరువై వాళ్ళు తిరిగొచ్చినప్పుడు సొంత ఊరే అనుమానంగా చూసింది. పొలాల్లో, బడి గదుల్లో, మంచెల మీద పద్నాలుగు రోజులు ఉండమన్నారు. అది సబబే. కానీ వాళ్ళకు బువ్వ నీళ్ళు ఎవరు పంపాలన్నది అన్ని చోట్లా కట్టులో భాగం కాలేదు. పాత రోజుల్లో గత్తరకు బాణామతి, చేతబడి అని ఎవరో ఒకరి మీద నింద వేసి హింసించిన చరిత్ర కూడా మన పల్లెలదే. కట్టు మనిషిని కాపాడుతుంది, మనిషిని వెలి కూడా వేస్తుంది.

ఇలాంటి నిందే మార్చి నెలాఖరున దేశం మొత్తం మీద ఇంకో రూపంలో లేచింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళొచ్చిన ఆరుగురు చనిపోయారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త కొద్ది రోజుల్లోనే 'ముస్లింలు నియమాలు పాటించరు' అనే మాటగా మారింది. అరటిపండ్లు అమ్ముకునే సాయిబును ఊళ్ళోకి రానివ్వని చోట్లు ఏర్పడ్డాయి. ఒక గుంపు మొత్తం కట్టు తప్పుతుందని మరో గుంపు నమ్మితే, ఇక నిజంగా ఎవరు పాటిస్తున్నారు అన్న లెక్క ఎవరూ వేయరు. గిరిజనులం ఈ సంగతి మిగతావాళ్ళ కన్నా ముందే గుర్తించాలి. ఎందుకంటే 'మాట వినరు' అనే ముద్ర మన మీద కూడా ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాటించేవాడు ఎవరికీ కనబడడు. తలుపు మూసుకుని ఇంట్లో కూర్చున్న వందమందిని ఎవరూ చూడరు. బజారులో గుంపుగా నిలబడ్డ పదిమందిని అందరూ చూస్తారు. 2020 మే 6న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు. ఆ రోజు వాటి ముందు బారులు తీరిన జనాన్ని టీవీలో ఊరూరా చూశారు. గుళ్ళు, మసీదులు, చర్చిలు తెరిచింది జూన్ 8న. మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అప్పటికే ఉంది. జాతర మానుకున్నవాడి మనసులో ఏం మెదిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అదే నెలలో ఇంగ్లండులోనూ ఇలాంటిదే జరిగింది. ప్రధానమంత్రి సలహాదారు డొమినిక్ కమ్మింగ్స్ లాక్‌డౌన్‌లో లండన్ నుంచి డర్హం దాకా కారులో వెళ్ళాడని మే 22న బయటపడింది. ఆ తర్వాత అక్కడ ప్రభుత్వం మీద జనానికి నమ్మకం పడిపోయిందని పరిశోధకులు లాన్సెట్ పత్రికలో చూపించారు. చదువుకున్న దేశం, ధనిక దేశం. అక్కడ దాన్ని 'అవగాహన లేకపోవడం' అని ఎవరూ అనలేదు.

క్రిస్టినా బికియేరి అనే తత్వవేత్త సామాజిక కట్టుబాట్ల మీద చాలా కాలంగా రాస్తోంది. ఒక కట్టు నిలవాలంటే రెండు కావాలంటుంది ఆమె. మిగతావాళ్ళు పాటిస్తున్నారని మనం అనుకోవాలి, పాటించాల్సిందేనని వాళ్ళు భావిస్తున్నారనీ మనం అనుకోవాలి. మొదటిది పోతే రెండోది ఉత్త ఉపన్యాసంగా మిగులుతుంది. మన పెద్దలు దీన్నే "చెప్పేటందుకే నీతులు" అన్నారు, అంత పొడుగు మాట అక్కరలేకుండా.

2021లో ఆ ఉపన్యాసం మన జిల్లాల్లోనే కనిపించింది. నాగార్జునసాగర్ ఉప ఎన్నిక ఏప్రిల్ 17న. తండాలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గం అది. 14న హాలియాలో ముఖ్యమంత్రి బహిరంగ సభ జరిగింది. 19న ముఖ్యమంత్రికే కరోనా ఉన్నట్టు తేలింది. 20 నుంచి రాష్ట్రంలో రాత్రి కర్ఫ్యూ పెట్టారు. కర్ఫ్యూ నడుస్తుండగానే 30న వరంగల్, ఖమ్మంతో పాటు అచ్చంపేట, జడ్చర్ల, నకిరేకల్ లాంటి మునిసిపాలిటీలకు పోలింగ్ జరిగింది. అచ్చంపేట నల్లమలకు వాకిలి లాంటిది, చెంచులు సరుకులకు వచ్చే ఊరు. పగలు ఓట్ల కోసం గుంపులు కట్టించినవాళ్ళే రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉండమంటే ఆ మాటకు ఎంత బరువు ఉంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే, మే నెలలో, నల్గొండ జిల్లాలోని ఒక గిరిజన గ్రామంలో ఒక విద్యార్థికి కరోనా వచ్చింది. ఇంట్లో విడిగా ఉండటానికి గది లేదు. ఇంటివాళ్ళకు అంటకూడదని అతను చెట్టు కొమ్మల మధ్య వెదురు మంచె కట్టుకుని పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. అన్నం బకెట్టులో పెడితే తాడుతో పైకి లాక్కున్నాడు. ఈ వార్త విదేశీ పత్రికల దాకా వెళ్ళింది. చాలామంది దాన్ని వింతగా, పేదరికపు బొమ్మగా చూశారు. నాకు అందులో మంచె, వేపకొమ్మ, పొలిమేర కట్టు కనిపించాయి. ఎవరూ బలవంతం చేయకుండా తన ఇంటివాళ్ళ కోసం తన మీద తాను కట్టు వేసుకున్న మనిషి అతను. 'మాట వినరు' అనేవాళ్ళకు చూపించాల్సింది ఆ చెట్టునే. అతని లాంటివాళ్ళ కోసం హాస్టలు భవనాల్లో, బడుల్లో ముందే నాలుగు మంచాలు వేసి ఉంటే చెట్టెక్కే పని ఉండేది కాదన్నది కూడా అంతే నిజం.

ఇక టీకా. 2021 జనవరి 16న మొదలైంది. మార్చి 1 నుంచి 60 ఏళ్ళు దాటినవాళ్ళకు, ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్ళకు, మే 1 నుంచి 18 దాటినవాళ్ళకు. ఈ ఆఖరి గుంపువాళ్ళు మొదట ఇంటర్నెట్లో పేరు రాయించుకోవాలన్నారు. మే 24 నాటికి గానీ సర్కారు కేంద్రాల దగ్గరే పేరు రాసుకునే వీలు కల్పించలేదు. ఫోను లేని పెంటకు ఆ మూడు వారాలు తలుపు మూసినట్టే. ఈలోపు టీకా వేసుకుంటే చనిపోతారు, పిల్లలు పుట్టరు అనే మాటలు తండాల నుంచి పెంటలకు పాకాయి.

ఆ సమయంలో చాలామంది గిరిజనులు 'వద్దు' అనలేదు, "చూద్దాం" అన్నారు. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ముందు ఎవరు వేసుకుంటారో చూద్దాం, నాలుగు రోజులు ఎలా ఉంటారో చూద్దాం. అది మశూచి మచ్చను చూసిన చూపే, తాడు ఎవరి చేతిలో ఉందో చూసుకునే చెంచు చూపే. పట్నం నుంచి వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయే ఆఫీసరు వేసుకున్నా లాభం లేదు, ఆయనకు జ్వరం వచ్చిందో లేదో పెంటకు తెలియదు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, నాయక్ కొడుకు, బడి పంతులు వేసుకుంటే తెలుస్తుంది. రెండు రోజులు ఒళ్ళు నొప్పులతో పడుకున్నారు, మూడో రోజు లేచి పనికి పోయారు. జ్వరం రానే రాదని చెప్పినవాళ్ళ మాట మొదటి కేసుతోనే పోయింది. రెండు రోజులు జ్వరం వస్తుంది, గోళీ వేసుకో, తగ్గుతుంది అని చెప్పినవాళ్ళ మాట నిలిచింది. మే నెలలో మొదలైన ఇంటింటి జ్వర సర్వేలోనూ ఇదే తేడా. తెలిసిన మనిషి గడపలోకి వచ్చి అడిగితే జ్వరం ఉందని చెప్పారు. కొత్త మనిషి అడిగితే ఏమీ లేదన్నారు.

ఆ ఏడాది మే 12న పెట్టిన లాక్‌డౌన్‌ను జూన్ 19న ఎత్తేశారు. ఆషాఢం జూలైలో వచ్చింది, సీత్లా పండుగ కూడా వచ్చింది. అప్పటికి తండాల్లో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు, సూది వేసుకున్నవాళ్ళు, ఇంకా చూస్తున్నవాళ్ళు. తర్వాతి నెలల్లో రెండో రకంవాళ్ళు ఒక్కొక్కరుగా తగ్గుతూ పోయారు. ఎవరు ఎప్పుడు, ఎవరిని చూసి మనసు మార్చుకున్నారో రాసి పెట్టిన కాగితం ఏ దవాఖానలోనూ ఉండదు. మన పెద్దలు ఇంకా ఉన్నారు, అడిగితే చెబుతారు.